పాల పులుపు – సోడా లెక్క



పులుపెక్కిన పాలలో కాస్త సోడా వేస్తే ఆమ్లం పోతుందనే మాట తనిఖీకి వెళ్ళిన చోట మేము తరచు వింటూ ఉంటాము. ఆమ్లం ఎక్కడికీ పోదు, రూపం మారుతుంది. ఆ లెక్కను ఈ పాఠంలో చూద్దాము.

పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లంగా మార్చడమే పులియడం. ఇది బలహీన ఆమ్లం. దీనికి బలమైన క్షారమైన కాస్టిక్ సోడా కలిపితే, కలిపినంత మేరకు ఆమ్లం లవణంగా మారుతుంది. లవణానికీ, మిగిలిన ఆమ్లానికీ ఉన్న నిష్పత్తిని బట్టి పీహెచ్ తెలుస్తుంది.

పీహెచ్ = 3.86 + లాగ్ (లవణం ÷ మిగిలిన ఆమ్లం)

ఇందులో 3.86 లాక్టిక్ ఆమ్లానికి చెందిన స్థిరాంకం.

ఉదాహరణ: ఎన్/10 లాక్టిక్ ఆమ్లం 10 మి.లీ. తీసుకొని, ఎన్/10 కాస్టిక్ సోడా కలుపుతూ పోదాము.

5 మి.లీ. కలిపితే: నిష్పత్తి 5÷5 = 1; లాగ్ 0; పీహెచ్ 3.86.
9 మి.లీ. కలిపితే: 9÷1 = 9; లాగ్ 0.95, పీహెచ్ 4.81.
9.9 మి.లీ. కలిపితే: 9.9÷0.1 = 99; లాగ్ 2.00, పీహెచ్ 5.86.
10 మి.లీ. కలిపితే: ఆమ్లం మిగలదు, పై సూత్రం పనికిరాదు. లవణానికి స్వల్పంగా క్షారగుణం ఉన్నందున పీహెచ్ సుమారు 8.3.

చివరి 0.1 మి.లీ.తోనే పీహెచ్ ఒక్కసారిగా పెరిగింది. ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగుకు తిరిగేదీ అక్కడే. పరీక్షలో దానిని వాడేది అందుకే.

పాలలో కేసీన్, ఫాస్ఫేట్లు కూడా క్షారాన్ని తీసుకుంటాయి. అందువల్ల పాలకు ఈ సూత్రం నేరుగా వర్తించదు. ఖర్చయిన క్షారాన్నే లెక్కిస్తాము. ఎన్/10 క్షారం 1 మి.లీ. అంటే 0.009 గ్రాముల లాక్టిక్ ఆమ్లం. 10 మి.లీ. పాలకు 1.6 మి.లీ. పడితే ఆమ్లత 0.144 శాతం, అవి తాజా పాలు. 2.4 మి.లీ. పడితే 0.216 శాతం, ఆ పాలు కాచితే విరిగే ప్రమాదం ఉంది. తేడా 0.072 శాతం. 40 లీటర్ల క్యానులో ఇది సుమారు 28.8 గ్రాముల ఆమ్లం.

సోడా వేస్తే బ్యూరెట్ అంకె తగ్గుతుంది, నిజమే. కాని ఆ ఆమ్లమంతా లవణంగా క్యానులోనే ఉంటుంది. పోయిన చక్కెర తిరిగి రాదు, సూక్ష్మజీవులు చావవు. 5 మి.లీ. పాలకు 5 మి.లీ. ఆల్కహాలు, కొన్ని చుక్కల రోజాలిక్ ఆమ్లం కలిపితే గులాబీ ఎరుపు రంగు వచ్చి సోడా బయటపడుతుంది. అప్పటికే ఆ పాలు ఇతరుల పాలలో కలిసి ఉంటే, తప్పు చేయని సభ్యులు కూడా నష్టపోతారు.

పులుపుకు మందు సోడా కాదు. పాత్రలు శుభ్రంగా కడిగి ఎండబెట్టండి. సాయంత్రం పాలను ఉదయం పాలలో కలపకండి. పితికిన పాలను ఆలస్యం చేయక కేంద్రానికి చేర్చండి.