జడ్జీల నియామకం: కొలీజియం ఎందుకు, లోపమెక్కడ?

సందేహం: జడ్జీలను జడ్జీలే ఎంపిక చేసుకోవడమేమిటి? రాజ్యాంగంలో కొలీజియం అన్న మాటే లేదు కదా! పార్లమెంటు తెచ్చిన కమిషన్‌ను కోర్టు కొట్టేయడం న్యాయమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

సమాధానం: ఆ మాట లేదన్నది నిజమే. 124వ అధికరణం చెప్పేది న్యాయమూర్తులను ‘సంప్రదించి’ రాష్ట్రపతి నియమించాలనే. ఆ సంప్రదింపు ఎంత పలచనిదో ఇందిరాగాంధీ హయాంలో తేలిపోయింది. 1973 ఏప్రిల్‌లో కేశవానంద భారతి కేసులో ప్రభుత్వానికి రుచించని తీర్పు రాసిన షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను దాటేసి, వారి కంటే జూనియరైన ఎ.ఎన్‌.రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ముగ్గురూ రాజీనామా చేశారు. ఎమర్జెన్సీలో 16 మంది హైకోర్టు జడ్జీలను వారి సమ్మతి అడగకుండానే బదిలీ చేశారు. వారిలో గుజరాత్ జడ్జి సంకల్‌చంద్ సేఠ్‌ను పంపింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకే. ఆయన ఊరుకోలేదు, తన బదిలీ మీద తానే కోర్టుకెక్కారు.

ఈ చేదు అనుభవంలోంచే కొలీజియం పుట్టింది. 1993లో 9 మంది జడ్జీల ధర్మాసనం నియామకాల్లో ప్రధాన న్యాయమూర్తి, సీనియర్ సహచరుల బృందం (అదే కొలీజియం) మాటకు పైచేయి ఇచ్చింది.

ఇక కొలీజియం స్థానంలో పార్లమెంటు తెచ్చిన 2014 నాటి కమిషన్‌లో ముగ్గురు జడ్జీలు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. ఏ ఇద్దరు కాదన్నా ఆ పేరు ఆగిపోతుంది. అంటే మంత్రికి మరొక్కరు తోడైతే చాలు. మన కోర్టుల్లో అతిపెద్ద కక్షిదారు ప్రభుత్వమే. తన కేసు వినబోయే జడ్జిని అడ్డుకునే వీలు కక్షిదారుకు ఉండకూడదు. కాబట్టి 2015 అక్టోబరు 16న 4-1 మెజారిటీతో దాన్ని కొట్టేయడం సరైనదేనని నేను నమ్ముతాను.

అలాగని ఆ ఒక్కరి మాట తీసిపారేయరాదు. ఆయన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మరుసటి ఏడాది కొలీజియం సభ్యుడిగా ఉంటూనే, చర్చలను రాతపూర్వకంగా నమోదు చేయాలంటూ సమావేశాలకు వెళ్లడం మానేశారు. ఒకరి పేరు ఎందుకు ఖాయమైందో, మరొకరిది ఎందుకు పక్కకు పోయిందో జనానికి తెలియాల్సిందే. మీ అసంతృప్తిలో న్యాయమున్నది అక్కడే.

సందేహం: కొలీజియం పేరు పంపాక కూడా నియామకం ఏళ్లకేళ్లు ఎందుకు ఆగుతోంది?
– యువ న్యాయవాది, వరంగల్

సమాధానం: ప్రభుత్వం ఒకసారి పేరు తిప్పి పంపవచ్చు. కొలీజియం మళ్లీ అదే పేరు పంపితే నియమించి తీరాలి. కానీ రాజ్యాంగంలో దానికి గడువు లేదు. రెండోసారి పంపాక 3-4 వారాల్లో నియమించాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినా ఫైళ్లు కదలలేదు. ఒకే జాబితాలో కొందరిని నియమించి కొందరిని ఆపితే, ఆగినవారు సీనియారిటీ కోల్పోతారు. విసిగిపోయి సమ్మతి వెనక్కి తీసుకున్న మంచి లాయర్లూ ఉన్నారు. కాదనకుండానే కాదనే పద్ధతి ఇది. పైకి కనపడదు కాబట్టే ఎక్కువ ప్రమాదకరం.

మీ బార్ అసోసియేషన్ ఈ విషయంపై తీర్మానం చేసేటప్పుడు రెండే అడగండి: ప్రభుత్వానికి చట్టబద్ధమైన గడువు, కొలీజియం నుంచి రాతపూర్వక కారణాలు.