మాట పోయినను మనసు పోదు

నిన్నటివరకు నలుగురి తగవులు తీర్చిన పెద్ద, తెల్లవారి లేచి నీళ్లడుగబోయి "చెప్పులు" అనును. లేదా పెదవులు కదలించియు పలుకజాలడు. ఇంటివారు గాలి సోకినదనియో, మతి చలించినదనియో భయపడుదురు. ఈ రెండును కావు. మెదడులో భాషను నడపు భాగము దెబ్బతినుటచే కలుగు ఈ లోపమునకు అఫేషియా యని పేరు.

మెదడునకు నెత్తురు కొనిపోవు నాళము పూడుకొనుటగాని, చిట్లుటగాని దీనికి ముఖ్యకారణము. పక్షవాతము వచ్చునదియు ఇట్లే. తలకు తగిలిన దెబ్బలు, మెదడులోని గడ్డలు కూడ కారణము కావచ్చును. పెక్కుమందికి భాషాస్థానములు మెదడు ఎడమవైపున నుండును. శరీరపు కుడిభాగమును నడపునదియు ఆ వైపే. కావుననే కుడి కాలుసేతులు పడిపోయినవారికి మాటయు పోవుట తరచు.

ఈ లోపము అందరిలో ఒకే తీరున నుండదు. 1861లో పారిస్ నగరమున బ్రోకా అను వైద్యుడు, "టాన్" అను శబ్దము తప్ప దాదాపు మరేమియు పలుకలేని రోగిని పరీక్షించెను. ఎదుటివారి మాట అతనికి చాలవరకు తెలిసెడిది. మరణానంతరము చూడగా మెదడు ఎడమ ముందుభాగము చెడియుండెను. 1874లో జర్మను వైద్యుడు వెర్నికే మరియొక రకమును వివరించెను. అట్టి రోగి ధారాళముగా మాటాడును గాని మాటలకు పొందిక యుండదు. మనము చెప్పునది అతనికి సరిగా బోధపడదు.

తండాలో లంబాడీ, అంగడిలో తెలుగు మాటాడువారు డోర్నకల్ ప్రాంతమున పెక్కురు. అట్టివారు తెలియదగిన సంగతి యొకటి కలదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోని 608 మంది పక్షవాత రోగుల వివరములను పరిశీలించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఒకటికి మించిన భాషలు తెలిసినవారిలో నూటికి సుమారు 40 మందికి ఆలోచనాశక్తి చెడలేదు. ఒకే భాష తెలిసినవారిలో అట్టివారు సుమారు 20 మందియే. అయితే మాట పోవుట మాత్రము ఉభయులలోను ఇంచుమించు సమానమే. కోలుకొనునపుడు ఒక భాష ముందుగను, మరొకటి ఆలస్యముగను రావచ్చును. కావున రోగితో ఇంటిభాష మాటాడుట మానరాదు.

మూతి వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను వెంటనే 108కు ఫోను చేయవలెను. ఆ లక్షణము మొదలైన వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను. నాళములోని నెత్తురుగడ్డను కరగించు మందును, తగిన రోగులకు, సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలసియుండును. నోట నీళ్లుగాని పసరుగాని పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు.

పిమ్మట మాటకు శిక్షణ కావలెను. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమున ఇట్టి నిపుణులు కలరు. ఇంటివారు చిన్న వాక్యములతో, తల యూపి జవాబీయదగిన ప్రశ్నలడిగి, ఓపికతో వేచియుండవలెను. మాటాడలేడని పొలము సంగతియు, పెండ్లి సంగతియు అతనిని విడిచి తేల్చుట తగదు. నోరు పలుకకున్నను అతడు ఆ యింటి పెద్దయే.