ఊరూరా తిరిగే మఠం

రాజ్యాలు అంతరించినా మధ్యయుగాల నాటి మఠాలు ఎలా నిలిచాయి? మాన్యాలే కారణమంటారు కొందరు, నేను అంగీకరించలేను. అహోబిల మఠాన్నే తీసుకుందాం. సంప్రదాయానుసారం ఆదివణ్ శఠగోప యతీంద్రులు దీనిని 1398లో స్థాపించారు. 16వ శతాబ్దాంతంలో గోల్కొండ సేనలు అహోబిలాన్ని ఆక్రమించాయి. ఆదరించిన విజయనగర సామ్రాజ్యమూ తరువాత కాలగర్భంలో కలిసింది. గురుపరంపర మాత్రం 46వ జీయరు వరకు అవిచ్ఛిన్నంగా వచ్చింది.

ఈ మఠం ఒకచోట కట్టుబడి ఉండదు. జీయరు స్వామివారు తమ ఆరాధ్యమూర్తి మాలోల నరసింహునితో ఊరూరా సంచరిస్తారు. శిష్యుడు రాలేకపోతే పీఠమే అతని ఊరికి వస్తుంది. (బండిదారుల కాలంలో అదెంత శ్రమో!) శంఖచక్రాంకనతో సమాశ్రయణం అక్కడే జరుగుతుంది; ఆరాధనకు కావలసినవి గృహస్థులు సమకూరుస్తారు. మాన్యాలు పోయిననాడూ ఈ బంధం తెగలేదు. పీఠాన్ని అధిష్ఠించిన యతులలోనూ పలువురు పూర్వాశ్రమంలో అటువంటి గృహస్థులే.