పాత హార్డ్ డిస్కును పారేయకండి!



మన హాస్టలు నుంచి వెళ్ళిన చాలామందికి మొదటి కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌దే. నాదీ అంతే. స్విచ్ వేసి స్నానం చేసి వచ్చినా విండోస్ ఇంకా మొదలవుతూనే ఉండేది. అలాంటి కంప్యూటర్‌ను అమ్మేయనక్కరలేదు. ఒక చిన్న ఎస్.ఎస్.డి. చేర్చి, పాత హార్డ్ డిస్కును కూడా ఉంచుకోవచ్చు.

ఎందుకు నెమ్మది?

హార్డ్ డిస్కులో పళ్ళెం తిరుగుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగితే ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే సుమారు 4 మిల్లీ సెకన్లు ఆగాలి. హెడ్ కదిలే సమయం అదనం. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్ళు చదవాలి కనుక ఈ ఆలస్యాలన్నీ కలిసి నిమిషాలవుతాయి. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగం లేదు. ఫ్లాష్ చిప్పుల నుంచి సమాచారం సుమారు 0.1 మిల్లీ సెకనులో అందుతుంది.

ఏది ఎక్కడ?

మనం రోజూ చదివే పుస్తకాలు తల దగ్గర, మిగిలినవి ట్రంకు పెట్టెలో పెట్టుకుంటాం కదా! ఇదీ అంతే. విండోస్, ప్రోగ్రాములు ఎస్.ఎస్.డి.లో; ఫోటోలు, పాఠాల వీడియోలు హార్డ్ డిస్కులో. అందుకే 240 జీబీ ఎస్.ఎస్.డి. సరిపోతుంది.

అమర్చే పద్ధతి (డెస్క్‌టాప్)

1. ముఖ్యమైన ఫైళ్ళను ముందుగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి.
2. కరెంటు ప్లగ్గు తీసి, ఎస్.ఎస్.డి.కి సాటా కేబులు, పవర్ కేబులు తగిలించండి.
3. పాత హార్డ్ డిస్కు కేబుళ్ళు ఊడదీయండి. ఇది మరవకండి.
4. ఎస్.ఎస్.డి.లో విండోస్ ఇన్‌స్టాల్ చేయండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని యంత్రంలో ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవచ్చు.
5. కంప్యూటర్ ఆపి, పాత డిస్కును మళ్ళీ తగిలించండి. బయోస్‌లో బూట్ వరుసలో ఎస్.ఎస్.డి.ని మొదట పెట్టండి.

లాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ ఉంటే, దాన్ని తీసి ఆ చోట క్యాడీ అనే చట్రంలో పాత డిస్కును బిగించవచ్చు.

నేను చేసిన తప్పు

నేను మూడో మెట్టు వదిలేశాను. రెండు డిస్కులూ ఉండగానే విండోస్ వేశాను. విండోస్ ఎస్.ఎస్.డి.లోకి వెళ్ళింది గాని, దాన్ని మొదలుపెట్టే బూట్ ఫైళ్ళు పాత డిస్కులోనే చేరాయి. కొన్ని నెలలకు పాత డిస్కు టిక్ టిక్‌మని శబ్దం చేసి ఆగిపోయింది. ఎస్.ఎస్.డి. బాగానే ఉన్నా కంప్యూటర్ లేవలేదు. విండోస్ మళ్ళీ వేసుకున్నాను. కానీ పాత డిస్కులోని ఫోటోలు తిరిగి రాలేదు. అందులో నాన్నతో నేను దిగిన ఫోటోలు రెండున్నాయి. వాటికి వేరే కాపీ లేదు.

కాబట్టి తమ్ముళ్ళారా, పాత డిస్కును ఉంచుకోండి, కాని దాన్ని మాత్రమే నమ్ముకోకండి. కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితాల స్కాన్లు, ఇంటివాళ్ళ ఫోటోలు ఇంకోచోట కూడా దాచుకోండి. డిస్కు మళ్ళీ కొనుక్కోవచ్చు, అందులోనివి కొనుక్కోలేం.

– మీ హాస్టలు పూర్వ విద్యార్థి