రేపటి శీతోష్ణస్థితిని లెక్కించుట: తెనాలి, బాపట్ల, రేపల్లె రైతులకు

ఒక ప్రాంతములో ఏ పైరు నిలుచునో, ఏది నిలువదో నేల ఒక్కటే నిర్ణయింపదు. అచ్చటి ఎండ, వాన, గాలిలోని తేమ కలిసి నిర్ణయించును. ఇవి మొక్కల బ్రతుకునకు ఏర్పరచు పరిస్థితినే జీవశీతోష్ణస్థితి అందురు. భూమి వేడెక్కుచున్న ఈ కాలములో ఆ పరిస్థితి ఎట్లు మారునో శాస్త్రజ్ఞులు లెక్కకట్టుచున్నారు. ఆ లెక్క ఎట్టిదో, అందు నమ్మదగినది ఎంతయో రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

వాన ఒక్కటే కొలబద్ద కాదు

థారన్‌త్వెయిట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1948లో వానను నీటి అవసరముతో పోల్చి చూచు పద్ధతిని ప్రకటించెను. 1955లో అది సవరింపబడినది. నేలలో చాలినంత తడి ఉన్నప్పుడు నేలనుండియు, ఆకులనుండియు ఆవిరియై పోగల నీరే ఇచ్చట 'అవసరము'. వాన ఆ అవసరమునకు చాలకున్నను, మూడింట రెండు వంతులకు మించినచో ఆ ప్రాంతము పొడి ఉప ఆర్ద్ర మండలమునకు చెందును. మూడవ వంతునకు మించి, మూడింట రెండు వంతులకు లోబడినచో అర్ధశుష్క మండలము.

ఒక ఊరిలో సాలీనా 100 సెంటీమీటర్ల వాన, 145 సెంటీమీటర్ల అవసరము అనుకొందము. వాన అవసరములో నూటికి 69 పాళ్ళు. ఊరు ఉప ఆర్ద్ర మండలములో నున్నది. వేడిమి పెరిగి అవసరము 155 సెంటీమీటర్లైనచో వాన పాలు 64½కు దిగును. వాన చుక్కయైనను తగ్గలేదు. కాని ఊరు అర్ధశుష్క మండలములోనికి జారినది. "వానలు పడుచునే యున్నవి గదా" అని నిశ్చింతగా నుండరాదనుటకు ఇదియే కారణము.

లెక్క కట్టు విధము

శాస్త్రజ్ఞులు భూగోళమును చదరములుగా విభజించి, వేడి, గాలి, నీరు నడచు సూత్రములను గణనయంత్రములకు అందింతురు. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఇంత పెరిగిన ఏమగును, అంత పెరిగిన ఏమగును అని వేర్వేరుగా లెక్కింతురు. మొదట గడచిన సంవత్సరముల శీతోష్ణస్థితిని లెక్కించి, కొలతలతో సరిచూచిన పిమ్మటనే రాబోవు కాలమునకు పోవుదురు. ఒక ఏటి ఎండ, ఒక ఏటి వరద శీతోష్ణస్థితి కాదు. సామాన్యముగా 30 ఏండ్ల సగటును తీసికొందురు.

1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ ప్రకటించిన నివేదిక తెల్పినది. వేడి పెరుగుననుటలో లెక్కలన్నియు ఏకీభవించును. వాన విషయమున అంత నిశ్చయము లేదు. పైగా చదరములు పెద్దవగుటచే మన మూడు ఊళ్ళును తరచు ఒకే చదరములో పడును. ఆ తేడాలను మనమే చూచుకొనవలెను.

మూడు తావులు, మూడు చిక్కులు

తెనాలి మాగాణికి ప్రాణము కాలువ నీరు. అది కృష్ణ ఎగువన, పడమటి కనుమలవరకు పడిన వానలపై ఆధారపడును. కనుక తెనాలి వానను మాత్రమే లెక్కించిన చాలదు. వరి పూత సమయమున వేడిమి 35 డిగ్రీలు దాటినచో తాలు పెరుగును. దాళ్వా వేయువారు పూత మార్చి, ఏప్రిల్ ఎండలలో పడకుండ నాటు తేదీని లెక్కించుకొనవలెను.

బాపట్ల ఇసుక నేలలలో దొరువు నీరే ఆధారము. వాననీరు తేలికయగుటచే ఉప్పునీటిపై తేలియుండును. తీపినీటి మట్టము ఒక అడుగు దిగి అట్లే నిలిచినచో, సిద్ధాంతరీత్యా క్రింది ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి రాగలదు. కావున చిన్న పంపుతో కొద్ది కొద్దిగా తోడవలెను. లోతుగా త్రవ్వి ఒక్కసారిగా లాగరాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. ఊరి పొలమంతయు ఒకేమారు కోతకు రాకుండ వేర్వేరు కాలపరిమితి గల రకములను పంచి వేయుట మేలు. కోతకు వచ్చిన చేను తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులపై చల్లిన మొలక తగ్గును.

రేపల్లెకు రెండు వైపుల ముప్పు. 2024 సెప్టెంబరు తొలి దినములలో ప్రకాశం బరాజును దాటి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగి లంకలను ముంచినది. వేసవిలో పోటునీరు మురుగు కాలువల వెంట ఎగబ్రాకును. 1901 నుండి 2018 లోపల ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. చౌడు సోకిన చేలలో మంచినీరు నిలగట్టి, తీసివేసి, ఉప్పును కడుగవలెను. జీలుగను పెంచి కలియదున్నవలెను. ముదురు నారును కుదురుకు ఎక్కువ మొక్కలుగా నాటవలెను.

మనము చేయదగినది

వానలకు ముందే మురుగు కాలువలను ఊరివారందరు కలిసి బాగుచేసికొనవలెను. ఒక్కరి గట్టు పదిమంది చేలను ముంచును. ఏటేటా మట్టిని, నీటిని పరీక్ష చేయించి, వానను, నాటు తేదీని, పూత తేదీని, దిగుబడిని పుస్తకమున వ్రాసి ఉంచవలెను. పెద్ద లెక్కలు దేశమునకు దారి చూపును. మీ చేనికి దారి చూపునది మీరు వ్రాసిన పుస్తకమే. దానిని మీ బిడ్డలకు పొలముతోపాటు అప్పగింపుడు.