హరితగృహ వాయు ఉద్గారాలు – వర్షపాత విస్తరణలో మార్పులు: వర్షాధార వేరుశనగకు వర్తింపు

వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ గాఢత పారిశ్రామిక విప్లవానికి పూర్వం పది లక్షల భాగాలకు సుమారు 280 భాగాలుండగా, 2023 నాటికి సుమారు 420 భాగాలకు చేరినది. తత్ఫలితంగా ఉష్ణోగ్రత పెరుగుతున్నది. వర్షపాతంపై ఈ ప్రభావం అంత సూటిగా కనిపించదు. సాగు దృష్ట్యా మొత్తం వర్షపాతం కంటె అది కురిసే తీరులో కలిగే మార్పు కీలకమైనది.

భౌతిక నేపథ్యం

ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగినచో గాలిలో ఇమడగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. కాని ప్రపంచ సగటు వర్షపాతం 1 నుండి 3 శాతం మాత్రమే పెరుగుతుంది. ఆవిరి నీరుగా మారునపుడు విడుదలయ్యే గుప్తోష్ణాన్ని వాతావరణం పరిమిత వేగంతో మాత్రమే అంతరిక్షంలోకి వెలువరించగలగడమే ఇందుకు కారణం. అందువలన భారీ వర్షాల తీవ్రత ఆవిరికి దీటుగా పెరుగుతుంది. పలు ప్రాంతాలలో వానకు వానకు మధ్య విరామం దీర్ఘమయ్యే అవకాశం ఏర్పడుతుంది.

నైరుతి రుతుపవనాలు

గత శతాబ్ది ఉత్తరార్ధంలో పొగ, ధూళి వంటి సూక్ష్మకణాలు సూర్యరశ్మిని అడ్డగించి రుతుపవనాలను బలహీనపరచినవి. హరితగృహ వాయువుల వలన పెరగవలసిన వర్షం ఆ మేరకు మరుగున పడినది. అయినను మధ్య భారతంలో 1950–2015 మధ్య విస్తృత ప్రాంతాలలో కురిసే అతి భారీ వర్షాలు సుమారు మూడు రెట్లయినట్లు 2017లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించినది. ఈ శతాబ్దిలో దక్షిణాసియా రుతుపవన వర్షం పెరుగునని ఐపీసీసీ 2021 నివేదిక అంచనా.

వర్షాధార సాగుకు వర్తింపు

సగటున ఏటా సుమారు 550 మి.మీ. వర్షం పొందే అనంతపురం ప్రాంతపు ఎర్ర నేలల్లో లోతు, నీటిని పట్టి ఉంచే శక్తి రెండూ తక్కువ. ఉదాహరణకు, 300 మి.మీ. వర్షం 15 మి.మీ. చొప్పున 20 రోజులు కురిస్తే అధిక భాగం పైరుకు అందుతుంది. అదే వర్షం 60 మి.మీ. చొప్పున 5 రోజులలో కురిస్తే కొంత నీరు వాలున కొట్టుకొనిపోతుంది. ఊడలు దిగే దశలోనో, కాయ ఊరే దశలోనో పైరు బెట్టకు గురవుతుంది. గణాంకాలలో మాత్రం రెండు సంవత్సరాలూ సమానమే.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు సగటు వర్షపాతానికి పరిమితం కాక, వర్షపు రోజుల సంఖ్య, అత్యధిక ఒక్కరోజు వర్షం, గరిష్ఠ బెట్ట వ్యవధి అనే మూడింటిని మండలాలవారీగా విశ్లేషించవలెను. వాలుకు అడ్డంగా దుక్కి, పొలంలో నీటి కుంట, బెట్ట సమయంలో ఒక రక్షక తడి – ఈ మూడు చర్యలు కుంభవృష్టిని బెట్టకాలపు నిల్వగా మార్చగలవు. ఉద్గారాల నియంత్రణ ఫలితం అందేలోపు రైతుకు తోడ్పడగలిగినవి ఇవే.