హోప్ ఐలాండ్: ఇసుక మీద జాడలు చదువుదాం

అడవిలో అడుగుజాడ చూసి కణుజు పోయిందా, అడవిపంది పోయిందా అని మన పెద్దవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. ఆ విద్య సముద్రం ఒడ్డున కూడా పనికొస్తుంది. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్‌కు పగటిపూట వెళితే ఏం చూడాలో, ఎలా మసలుకోవాలో తెలుసుకుందాం.

దీవి ఎలా పుట్టింది?

ఇది రాతిదీవి కాదు, ఇసుక దిబ్బ. మన కొండల్లోంచి దిగే సీలేరు శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి మోసుకెళ్లిన ఇసుకను అలలు పేర్చుకుంటూ పోగా, సుమారు 200 ఏళ్లలో 16 కిలోమీటర్ల పొడవైన దిబ్బ తయారైంది. అంటే అందులో మన కొండల మట్టి కూడా ఉందన్నమాట! తుపాను అలల దెబ్బ ముందు ఈ దిబ్బే కాస్తుంది. అందుకే దాని వెనక కాకినాడ అఖాతంలో ఓడలు నిమ్మళంగా ఉంటాయి.

దారిలో ఏం కనబడతాయి?

ఈ దీవి కోరంగి అభయారణ్యంలోది. ప్రభుత్వం 1978లో దాన్ని ఏర్పాటు చేసింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖ అనుమతి తీసుకుని, గైడుతోనే వెళ్లాలి. దారిలో మడ అడవులుంటాయి. మడచెట్ల వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి అవి పైకొచ్చి గాలి పీలుస్తాయి. వాటిని శ్వాస వేర్లు అంటారు. ఆటు సమయంలో నీరు తీస్తే బురద మీద పీతలు, వాటి కోసం కొంగలు కనబడతాయి. నీటికుక్కలు కనబడితే అదృష్టమే. చేపలు పట్టే బావురుపిల్లి రాత్రిపూట తిరుగుతుంది. పగలు దాని అడుగులే గతి.

అసలు అతిథి

ఇక్కడికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా వాటి కాలం. తల్లి రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ వాటిని చూడ్డానికి రాదు. గుడ్లను పొదిగేది ఎండకు కాగిన ఇసుకే! ఇసుక వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

పగలు వెళ్లినవాళ్లకు తల్లి కనబడదు. నీళ్లలోంచి పైకి ఒక జాడ, మళ్లీ నీళ్లలోకి ఒక జాడ, మధ్యలో చెదిరిన ఇసుక కనబడతాయి. అది గూడు అని గుర్తు పట్టాలి.

ఎందుకు వద్దంటారు?

గూటి మీద నడవొద్దు. కింద గుడ్లున్నాయి. తవ్వడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.

ఒడ్డున దీపాలు వద్దు. పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి. రాత్రి సముద్రం తళతళలాడుతుంది కనుక అటు పోతాయి. మనం దీపం పెడితే ఇటు తిరిగి కుక్కలకు, నక్కలకు దొరికిపోతాయి.

ప్లాస్టిక్ సంచి పారేయొద్దు. నీళ్లలో అది జెల్లీచేపలా ఉంటుంది. తాబేలు మింగేస్తుంది.

ఇంకో ప్రమాదం వల. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. మరపడవ వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. తాబేలు తప్పించుకునే కిటికీ ఉన్న వలలు ఉన్నాయి. అవి వాడితే చేపా దక్కుతుంది, తాబేలూ బతుకుతుంది.

మనం సాయంత్రం పడవెక్కి వచ్చేస్తాం. తల్లి వచ్చేది ఆ తర్వాతే. తనకోసం ఒడ్డును ఎలా వదిలి వచ్చామన్నదే ముఖ్యం.

జవాబులు చెప్పండి

1. మడచెట్టు వేళ్లు పైకి ఎందుకొస్తాయి?
2. తాబేలు గుడ్లను ఎవరు పొదుగుతారు?
3. మన వాగులో పారేసిన ప్లాస్టిక్ సంచి హోప్ ఐలాండ్‌ దాకా ఏ దారిన పోతుంది? పటం గీసి చూపండి.